హైదరాబాదులో మా అక్క పుట్టిల్లు

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. జనగామలో నా కుట్టుదుకాణానికి వచ్చేవాళ్లు నేను ఏ దేవుడి మీద ఒట్టేసినా నమ్మరు, అందుకని ఈసారి దేవుళ్లను వదిలేసి, చనిపోయిన మా అక్క మీద ఒట్టేసి చెబుతున్నాను.

మొన్న మా దుకాణం ఎదురుగా ఒక తెల్లబస్సు వచ్చి ఆగింది. ఎవరో దాతలు కలిసి కొనిచ్చినదట, లోపలే క్యాన్సర్ పరీక్షలు చేస్తారట. ఆడవాళ్లు ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ, నవ్వుకుంటూ, భయపడుతూ ఎక్కుతుంటే, పేర్లు రాసుకునే అమ్మాయి నా దగ్గరకొచ్చి మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని అడిగింది. అడిగినవాడికీ అడగనివాడికీ కట్టుకథలు చెప్పే నేను, ఆ పిల్లకు మాత్రం మా అక్కకు వచ్చిందని ఉన్నమాటే చెప్పాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో ఆ జబ్బును రాచపుండు అనేవారు, అది కూడా గొంతు తగ్గించి, పక్కింటికి వినబడకుండా.

మాది బయ్యారం. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమెను మరిపెడకు ఇచ్చారు. మిరపచేనులో పొద్దంతా వంగి ఏరినా నడుము నొప్పి అనని మనిషి, ఒక ఏడు జొన్నరొట్టె గొంతు దిగడం లేదంది, ఆ తర్వాత అన్నం దిగలేదు, చివరికి గంజి మాత్రమే దిగేది. హైదరాబాదు పెద్దదవాఖానలో అది అన్నం దిగే దారిలో క్యాన్సర్ అని తేల్చి, ఆదివారాలు తప్ప రోజూ కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలని, మధ్యలో మానేస్తే చేసినదంతా వృథా అని చెప్పారు. వైద్యం సర్కారు కార్డు మీద జరుగుతుంది, సరే, కానీ రోజూ మరిపెడ నుంచి వచ్చిపోవడం ఎట్లా? దవాఖాన వెనక సందులో, రోగుల కోసం దాతల సాయంతో నడిచే ఇల్లు ఒకటుందని తెలిసి అక్కను తీసుకుపోయాను. అద్దె లేదు, భోజనం ఉచితం అని తెలిసేసరికి ఆమె గడప బయటే ఆగిపోయింది.

"ధర్మపు కూడు తిని బతుకుడు నాతోని కాదు తమ్మీ. బావ ఒక్కడున్నడు, ఇంటికి పోదాం పా."

ఇంటికి పోతే ఆమె బతకదు. అది తెలిసి, నాకు చేతనైన ఒకే ఒక్క పని చేశాను. ఆ ఇల్లు నడిపే పెద్దావిడ మనకు పరాయిది కాదని, మన అమ్మమ్మ చిన్నాయన ఒకాయన వెదురు కోతకు పోయి, గోదావరి వరదలో మొసలిని దుంగ అనుకొని ఎక్కి, మహదేవపూర్ ఒడ్డున దిగి అక్కడే పెళ్లి చేసుకున్నాడని, ఈమె ఆయన మనవరాలని, వరసకు పెద్దమ్మ కాబట్టి ఇది పుట్టిల్లే అవుతుందని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అక్క అంతా విని, నన్ను ఎగాదిగా చూసింది.

"గా మొసలి మనకేమైతది మరి, మామనా, మేనబావనా?" అని, చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

ఆ ఇల్లు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. పెద్దావిడ భర్త ఇదే జబ్బుతో పోతే, ఆయనతో కలిసి బతికిన ఇంటిని ఆమె ఇట్లా మార్చింది. బియ్యం ఒక మిల్లు వాళ్లు పంపేవారు, భూపాలపల్లి బొగ్గుబావుల కార్మికులు దుప్పట్లు పంపారు, కాలేజీ పిల్లలు ఆదివారం వచ్చి గదులు కడిగిపోయేవారు. గంజి తాగి మంచం మీద పడుకోవలసిన అక్క, ఊరికే కూర్చోలేక అందరి దుప్పట్లూ మడతపెట్టేది.

కొన్ని వారాలయ్యాక ఒకరోజు అందరి ముందే, పుట్టింటికొచ్చి ఇన్ని దినాలాయె, పెద్దమ్మా, నాకు ఒడిబియ్యం పోయవా అంది. పసుపు కలిపిన బియ్యం పెళ్లయిన ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లు పోయడం మన దిక్కు ఆచారం. పెద్దావిడది కోస్తా. "అవేంటమ్మా, ఎప్పుడూ వినలేదే?" అంది. మహదేవపూర్ మనవరాలు ఒడిబియ్యం ఎరగకపోవడమా! నా అబద్ధం నడి హాలులో కుప్పకూలింది. నేను తల దించుకుంటే అక్క పకపకా నవ్వింది.

"ఆమె నోరు తెరిచిననాడే తెలిసిందిరా, మహదేవపూర్ మాట గట్లుంటదా?"

"మరి ఎందుకున్నవే అక్కా?"

"నా కోసం గంత దూరం మొసలిని ఈదిపిస్తివి. దాన్ని ఉత్తగ ఎట్ల పంపుత?"

పెద్దావిడ మాత్రం నవ్వలేదు. మీ పద్ధతి చెప్పమ్మా, పోస్తాను అని, పసుపు, రవికెగుడ్డ, కొబ్బరికుడుకలు తెప్పించి, దాతలిచ్చిన ఆ బియ్యాన్నే పసుపు చేసి అక్క ఒడిలో పోసింది. మర్నాడు అక్క, ఎవరు వద్దన్నా వినకుండా ఆ బియ్యం వండి, రోగులందరికీ తన చేత్తో వడ్డించి, తానూ గోడకు ఆనుకొని కూర్చుని పెరుగన్నం ఒక ముద్ద తిన్నది.

జబ్బు అప్పటికే కాలేయానికి పాకిందని ఆ తర్వాతే తెలిసింది. ఆ గడ్డలో చిన్నముక్కను పరిశోధనకు ఉంచుకోవచ్చా అని డాక్టరమ్మ అడిగితే, "ఉంచుకో బిడ్డా, ఇన్నొద్దులు తీసుకునుడే అయింది, నేనిచ్చేటిది గిదొక్కటన్న ఉన్నది" అంది. మిరప ఏరే రోజుల్లోనే, మరిపెడలో, బావ చేతుల్లో పోయింది.

ఇప్పుడు పరీక్ష వీధిలోకే వచ్చింది, జబ్బు పేరు మైకులో చెబుతున్నారు, ముందే తెలిస్తే బతికించే మందులున్నాయంటున్నారు. ఆ మందుల వెనక అక్కలాంటివాళ్లు ఇచ్చిపోయిన ముక్కలు ఎన్ని ఉన్నాయో. మా అక్కకు ఇవేవీ అందలేదు, అందుకునే లోపే కాలం గడిచిపోయింది.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. ఆ ముద్ద అక్క తినలేదు. అప్పటికి ఆమెకు మంచినీళ్లు కూడా గొట్టంలోంచే పోసేవాళ్లం, పళ్లెంలో అన్నాన్ని వేళ్లతో కలుపుతూ, అందరూ తినేదాకా చూస్తూ కూర్చుంది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా, అక్కడికి వచ్చేసరికి ఆమెను ఆకలితో లేపడానికి నాకు మనసొప్పదు.