నందు పోని ప్యారిస్

పురానాపూల్ దిక్కు పాలు పోసే నందు గురించి చెప్పుకునేటియి మస్తున్నయి. ఆయన బర్రె ఒక్కసారి తోక ఇసిరితే మూసీ దోమలు మలక్‌పేట దాక కొట్టుకపోయినయంటరు. ఆయన పాలతోని చాయ్ పెడితే గ్లాసుల చెంచ నిలబడి సలాం కొట్టిందంటరు. ఎవలంటరు అని అడిగితే, నందే అంటడు. గసొంటి మనిషికి ఒక్క ముచ్చట మాత్రం అంతుపట్టలే: పూజిత తన పెండ్లామని రుజువు చేసుడెట్ల?

పూజిత నర్సు. పెండ్లయిన నాలుగు నెలలకే లండన్ల ఒక దవాఖానల కొలువొచ్చి పోయింది. ఆమె కాడికి పోనీకె నందుకు వీసా కావాలె. పెండ్లి సర్టిఫికెట్ ఉంది, టీబీ లేదని ఛాతీ ఎక్స్‌రే అయింది. ఇగ ఫొటోలే బాకీ. పెండ్లి ఆల్బమ్‌ను పాలక్యాన్ లెక్క భుజానెత్తుకొని, వీసా కాయిదాలు చూసే రశ్మి మేడం ఆఫీసుకు పోయిండు.

రశ్మి పేజీలు తిప్పింది. ఈఫిల్ టవర్ కింద నందు, పూజిత. మంచు కొండ మీద నందు, పూజిత. ఇంకో పేజీల ఇద్దరు గులాబీ పువ్వుల కూసున్నరు.

"అన్నా, ఎన్నడు దేశం దాటలేదని ఫారంల రాసిన్రు. మరి ఇదేంది?"

"అది ప్యారిస్ మేడం."

"ఎప్పుడు పోయిన్రు?"

"నేనెందుకు పోత? తెల్లారి బర్రెలను ఎవలు పిండుతరు? స్టూడియో బాలనర్సింహ కంప్యూటర్ల ఏసిండు. మా దిక్కు అందరికి ఏస్తడు. మంచు కొండ లేకుంటే అది పెండ్లి ఆల్బమే కాదంటరు."

రశ్మి నవ్వు ఆపుకుంది. "టవర్‌ను అతికించినోళ్లు పెండ్లామును అతికించలేదని వీసా ఇచ్చెటోళ్లెట్ల నమ్మాలె? అసలు ఫొటోలు తెండి. ఇయి పెడితే వీసా ఇయ్యరు."

నందు ఆల్బమ్‌ను మల్లా భుజానెత్తుకున్నడు. సీదా స్టూడియోకు ఉరికిండు.

"అసలియి ఎప్పుడో ఎగిరిపోయినయి భాయ్," అన్నడు బాలనర్సింహ, కంప్యూటర్ మీద దుమ్ము కూడ తుడవకుండ.

ఇగ చుట్టాల ఫోన్ల మీద పడ్డడు నందు. తన పెండ్లిల ఎవలు దేన్ని చూసిన్రో అప్పుడు తెలిసింది. మేనత్త మాణిక్యమ్మ ఫోన్ల పదకొండు ఫొటోలు బగారన్నానియి. ఒకదాంట్ల పెండ్లికూతురి చీరంచు. ఇంకోదాంట్ల నందు ఎడమ చెవి. చెవికి ఎవలు వీసా ఇస్తరు?

ఆ పొద్దు పూజిత వీడియో కాల్ చేస్తే మొత్తం చెప్పిండు. ఆమె కడుపుబ్బ నవ్వి, "బాలనర్సింహన్నను అడుగుడు ఆపి పొగుడు. నీకు రాంది కాదు గద," అన్నది.

మల్లా పోయిండు నందు. స్టూల్ మీద కూసొని నిట్టూర్చిండు.

"అన్నా, నీ పనితనం నా కొంప ముంచింది. ఆఫీసు మేడమే అసలు ప్యారిస్ అనుకున్నది. ఏ రోజు పోయిన్రు, ఏ హోటల్ల ఉన్నరు అని ఒకటే అడుగుడు!"

కెమెరా దుమ్ము దులుపుతున్న బాలనర్సింహ చేతిల బ్రష్ ఆగింది. "నిజంగ?"

"మా అమ్మ తోడు. ఉట్టి పరదా ముంగట నిలబడ్డమంటే నమ్ముతలేదు."

"పరదా అంటే నమ్మలే? నమ్మకపోతే చూపిస్త, ఆగు!" కుర్చీ లాక్కున్నడు. ఎగిరిపోయినయన్న ఫొటోలు టకటక స్క్రీన్ మీద వాలినయి. "ఇగో, ముందు గిట్లుండె. నేను చెయ్యి పెట్టినంక గట్లయింది!"

నందు ముందుకు వంగిండు. ఆకుపచ్చ పరదా. తన వదులు షర్టు ఎనుక బట్టల క్లిప్పు. పక్కన పూజిత కెమెరాను చూస్తనే లేదు, నోరంత తెరిచి నవ్వుకుంట నందు భుజం మీది ఈగను కొడుతుంది. ఆల్బమ్ల ఆ మొఖం తీసేసి సక్కగ చూసే మొఖం పెట్టిండు బాలనర్సింహ.

"ఇది ఖరాబైన ఫొటో," అన్నడు సిగ్గుపడుకుంట.

"ఇదే కావాలె," అన్నడు నందు. మాటల ఒక్క కోత లేదు.

ఆ ఫొటోలు వీసా కాయిదాలతోని పోయినయి. ఎనుక బొమ్మలు తానే ఏసిన్నని బాలనర్సింహ సంతకం పెట్టి ముద్ర గుద్దిన కాయిదం కూడ పోయింది.

ఇరవై రెండు రోజులకు మెయిల్ వచ్చింది. నందు పూజితకు ఫోన్ కలిపి, ఇంగ్లీషును ఒక్కో అక్షరం కూడబలుక్కుంట చదివిండు.

"ఏమంటున్నరు?" అడిగింది పూజిత.

"రమ్మంటున్నరు."

"వాళ్లెవలు పిలువనీకె? నేను పిలిచిన. రా."