టీచరమ్మ ఇంటి ధర

నాంపల్లి స్టేషను వెనక గల్లీలో 1964 నాటికి అందరూ ధనవంతులే, జేబులో డబ్బు లేకపోయినా. నగరం కొత్త రాష్ట్రానికి రాజధాని అయ్యాక లక్డీకాపూల్ ఆఫీసుల ఉద్యోగులు ఇళ్లకోసం తిరుగుతుంటే, పెంకులు జారిన కొంపలకు కూడా ధర పెరిగింది. బేగం బజార్‌లో మిరపకాయలు అమ్మే బాలకిషన్ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పోయేవాళ్లకు తన ఇంటి ధర చెప్పేవాడు. వారం వారం ఆ ధర పెరిగేది. ఇంటికి సున్నం మాత్రం పడేది కాదు.

పక్కిల్లు జానకిది. గన్‌ఫౌండ్రీ బడిలో టీచరు. ముందుగదిలో ఆబిడ్స్ ప్రెస్సులో అక్షరాలు కూర్చే జార్జి, భార్య ఎమిలీ తొమ్మిదేళ్లుగా పన్నెండు రూపాయల కిరాయికి ఉంటున్నారు.

ఆ ఎండాకాలం ఒకాయన టేపు పట్టుకుని గల్లీ కొలుస్తూ వచ్చాడు. ఇల్లు కొనేవాడనుకుని బాలకిషన్ కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు.

"గీడ చిన్న కమరాకు గూడ నలభైకి తక్కువ కిరాయి లేదు సాబ్. టీచరమ్మ ఇంట్ల గూడ గంతే!"

ఆయన శ్రద్ధగా రాసుకుని వెళ్లాడు. నెల తిరిగేసరికి గల్లీ అంతటికీ ఇంటిపన్ను నోటీసులొచ్చాయి. వచ్చినాయన కిరాయిని బట్టి పన్ను వేసే ఉద్యోగి.

జానకికి పన్ను మూడింతలైంది. టీచరు జీతంతో అంత కట్టడం ఆమె వల్ల కాదు. జార్జి ట్రంకుపెట్టె దించాడు.

"మేం పోతే నలభై ఇచ్చేటోళ్లు దొరుకుతరు టీచరమ్మా."

"నిన్ను పొమ్మన్ననా? పెట్టె పైన పెట్టు."

ఆ సాయంత్రమే ఆమె అప్పీలు రాసింది. పైకప్పు కారుతుందని, గోడ పగిలిందని, కిరాయి పన్నెండేనని. సాక్షి సంతకం కోసం బాలకిషన్ దగ్గరికి వెళితే ఆయన అంతెత్తున లేచాడు.

"కారుతదని సర్కారుకు రాస్తవా? గల్లీ ఇజ్జత్ ఏంగావాలె? రేపు కొననీకొచ్చినోడు సగం ధరకు అడుగుతడు!"

"ఇల్లు అమ్ముతున్నవా అన్నా?"

"అమ్మి యాడికి పోవాలె?"

"మరి గా ధరతోని ఏం జేస్తున్నవ్?"

ఆయన కాగితం వెనక్కి తోశాడు. సంతకం పెట్టలేదు. మర్నాటికి గల్లీలో ఆమెతో మాట్లాడేవాళ్లు కరువయ్యారు. జానకి ఒంటరిగానే పన్నుల ఆఫీసు మెట్లెక్కింది.

"మీ పక్కింటాయనే నలభై అన్నాడు గదమ్మా" అన్నాడు అధికారి.

"గాయన మా ఇంట్ల ఎన్నడు పండలే సారూ. వాన పడ్డనాడు వచ్చి జూడుండ్రి."

నిజంగానే వానలో వచ్చాడాయన. అరుగుల మీది జనం నవ్వుతుండగా జానకి గొడుగు పట్టి లోపలికి తీసుకెళ్లింది, చుక్కల కింద పెట్టిన గిన్నెల మధ్య దారి చూపింది, కారే చోటల్లా వేలుపెట్టి చెప్పింది. కొంప లోపాలు దాచి గొప్పలు పోయే ఆ గల్లీలో, తలెత్తుకుని ఉన్నది ఉన్నట్టు చూపించిన మనిషి ఆమె ఒక్కతే. పన్ను పాత లెక్కకే వచ్చింది. ఎమిలీ ఆరోజు గారెలు వండింది.

తెల్లారి బాలకిషన్ తన నోటీసు మడిచి పట్టుకుని వచ్చాడు.

"చెల్లే, జర నాది గూడ రాయరాదు."

జానకి కాగితం తీసింది. "ఇల్లు కారుతదని రాయాలె. రాయనా?"

బాలకిషన్ గల్లీ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"కారుతదని వద్దు. జర చెమ్మ వస్తదని రాయి."