సప్పుడు లేని ఎర్ర బండి

పొద్దున సిద్దిపేట బస్టాండు దగ్గర ఎవరో కొత్త కారుకు పూజ చేయించి ముందుకు కదిలించారు. చక్రం కింద నిమ్మకాయ టప్పున పగిలింది. రబ్బరుతో కలిసిన ఆ పులుపు వాసన ముక్కుకు తగిలింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే నేను తల దించుకుని నడిచాను.

హమీద్ ఉస్తాద్ మీకెవరికీ తెలియదు. ఈ ఊళ్లో నలభై ఏళ్లు బండ్లు బాగుచేసిన మనిషి. స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవారు. ఆ తర్వాతే జబ్బేమిటో చెప్పేవారు. ఇంజనీరింగ్ పట్టాతో పొగరుగా వచ్చిన నాకు రెంచి పట్టడం నేర్పింది ఆయనే. "బోల్టు బిగించేటప్పుడు ముచ్చట్లు పెట్టకు బేటా. అది చెప్పేది ఇను" అనేవారు.

పాత బండ్లను కరెంటు బండ్లుగా మార్చే షెడ్డు నేను తెరిచినప్పుడు, మొదట వచ్చింది దౌల్తాబాద్ ఆసామి ఒకాయన ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. ఆయన తండ్రి ముచ్చటపడి కొన్నది, పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి గడ్డి కింద పడి ఉంది. ఇంజన్ సామాన్లు ఎక్కడా దొరకలేదు. మోటారు నేను తెచ్చాను, లెక్కలు నేను వేశాను. కానీ ఆ మోటారును పాత గేరుబాక్సుకు కలిపే ఇనుప పలకను ఉస్తాద్ చేత్తో ఆకురాయి పట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిర్చారు. అది లేకుంటే నా లెక్కలు బూడిదలో పోసిన పన్నీరే.

బండి తొలిసారి కదిలిన రోజు ఆయన మొహం చిన్నబోయింది. "పిల్లి లెక్క వస్తది బేటా. ఆన్‌ల ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది? సప్పుడు చేసే బజ్జరన్న ఒకటి పెట్టు."

"సప్పుడు లేకపోవుడే దీని గొప్ప ఉస్తాద్! మీరింక పాత జమానాలనే ఉన్నరు" అని నవ్వాను. ఎంత కళ్లు నెత్తికెక్కాయి నాకు!

బండిని కొమురవెల్లి మల్లన్న దగ్గరికి తీసుకుపోయే ముందు ఆసామి వాళ్లు షెడ్డు ముందే పూజ పెట్టుకున్నారు. ఎవరి బండి అయినా సరే, ముందు చక్రాల కింద నిమ్మకాయలు ఉస్తాదే సర్దేవారు. అది మా దగ్గర రివాజు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, తాళం తిప్పి ఉంది, గేరు పడి ఉంది. ఆసామి కిటికీలోకి వంగి, "స్టార్టయిందా?" అని అడిగాడు. గొప్ప చూపించుకోవాలనిపించి, ముందు చూడకుండా పెడలు తొక్కాను.

ఉస్తాద్ కుడిచెయ్యి చక్రం కింద ఉంది.

వెనక్కి తీసి దిగేసరికి ఉస్తాద్ ఆ చేతిని తువ్వాలులో చుట్టుకుని, పళ్లు బిగబట్టి, అందరికీ వినిపించేలా అన్నారు: "బేటా చెప్పిండు, బండి ఆన్‌ల ఉన్నదని. నేనే సూస్కోలే."

నేను ఆయనకు ఆ మాట చెప్పనే లేదు. ఆసామి ఆయన మీద కోప్పడ్డాడు: "ముసలోనివైనవ్, జర జాగ్రత్తుండొద్దా?" అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు. పైగా, సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ క్షణంలో నా గుండె తేలికపడింది.

మూడు వేళ్లు మళ్లీ మడత పడలేదు. దవాఖానలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకలా అన్నారని అడిగాను. "మొదటి బండికే పేరు చెడితే నీ దుకాణంకు ఎవడొస్తడు? పో, పని సూసుకో." పోయాను. పని చూసుకున్నాను. బండ్ల మీద బండ్లు వచ్చాయి.

కొన్నేళ్లకు ఉస్తాద్ చనిపోయాక, నలభయ్యో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్యను నేను ఖాలా అంటాను. చాయ్ చేతికిస్తూ అడిగింది. "కళ్లు మూసుకొని బోల్టు సైజు చెప్పేటోడు. గసుంటోడు సూస్కోకుంట చెయ్యెట్ల పెట్టిండు? నువ్వు గాడనే ఉంటివి గద బేటా, నిజం చెప్పు."

"అవును ఖాలా, ఆయనే సూస్కోలే" అన్నాను.

ఆమె గ్లాసు చుట్టూ మడిచిన నా వేళ్ల వైపు చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా, "చాయ్ సల్లారుతది, తాగు" అంది. తాగాను.