అవ్వ పట్టిన మౌనవ్రతం

నా చిన్నప్పుడు, డెబ్బైల నాటి మాట, ఐరాల దగ్గరి మా పల్లె నుంచి తీసుకొచ్చి మా నాయన నన్ను తిరుపతిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో చేర్చాడు. మా గదిలో మిగిలినవాళ్లంతా కోస్తా జిల్లాలవాళ్లు. చేరిన రోజే "నీళ్లు యాడుండాయి?" అని అడిగాను. గది గదంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత నేను నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఆ మాటే సాగదీసి అనేవారు. ఏడ్చి లాభం లేదని మూడు నెలల్లో వాళ్లలాగే మాట్లాడడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, కడప నుంచి కొత్తగా వచ్చిన పిల్లను చూసి నేనూ నవ్వాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా అవ్వ, నాయనను కన్న తల్లి. ఆమె నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. కోళ్లతో, ఆవుతో, దారిన పోయేవాళ్లతో కూడా మాట్లాడేది. ఒక ఆదివారం ఆమె బెల్లంపాకంతో నిప్పట్లు చేసి మూట కట్టుకుని, బస్సెక్కి ఒక్కతే వచ్చింది.

గేటు దగ్గరే మొదలుపెట్టింది. "ఏం పాపా, ఇట్ల సిక్కిపోయినావే! కూడు సరింగ పెడతాండారా లేదా?"

లోపల పిల్లలు వరండాలోనే ఉన్నారు. "అవ్వా, ఇక్కడ నువ్వు మాట్లాడకు. వాళ్లు నవ్వుతారు" అన్నాను. అదీ వాళ్ల యాసలోనే అన్నాను.

అవ్వ నా మొహం చూసింది. "సరే పాపా" అంది.

లోపలికి వెళ్లగానే మా గదిలోనే ఉండే గుంటూరు స్నేహితురాలు ఎదురొచ్చి, "ఏ ఊరు మామ్మగారూ?" అని అడిగింది. నేను బిక్కచచ్చిపోయాను. అవ్వ మాత్రం తడుముకోలేదు. కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి, పెదవుల మీద వేలు ఉంచింది. మౌనవ్రతమని అందరూ అనుకున్నారు. వార్డెనమ్మ వచ్చి కాళ్లకు దణ్ణం కూడా పెట్టింది. అవ్వ అందరికీ నిప్పట్లు పంచి, నవ్వుతూ తలలు నిమిరింది. నాకు గండం గడిచిందనిపించింది.

సాయంత్రం బస్టాండుకు నాతో ఆ స్నేహితురాలు కూడా వచ్చింది. అందుకని అవ్వ అక్కడా నోరు విప్పలేదు. కిటికీలోంచి చేతులు చాచి నా బుగ్గలు నిమిరి, మెటికలు విరుచుకుంది. "మాట్లాడవ్వా" అని నేను ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు.

సెలవులు ఇంకా రాకముందే అవ్వ జ్వరంతో పోయింది. కబురు విని స్నేహితురాలు నన్ను పట్టుకుని ఏడ్చింది. "పాపం, మామ్మగారి వ్రతం పూర్తయిందో లేదో" అంది. ఆ పిల్లకు నిజం చెప్పే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

ఇప్పుడు నాది అవ్వ వయసు. నా మాట విని నాది ఏ ఊరో ఎవరూ పోల్చుకోలేరు. బస్టాండులో ఏ ముసలామె అయినా "ఈడికి రా పాపా" అని ఎవరినో పిలిస్తే, నన్నే పిలిచినట్టు ఆగిపోతాను. మా అవ్వ జీవితమంతా ఎన్ని మాటలు మాట్లాడిందో. నాతో అన్న ఆఖరి మాట మాత్రం "సరే పాపా".