గొంగళిపురుగు బొమ్మ

మా పేటలో మొదటి బిడ్డ పుట్టగానే ఆడదాని పేరు పోతుంది. పెళ్ళికి ముందు నన్నేమని పిలిచేవారో మా ఆయనకే గుర్తు లేదు. మా సుక్రి భూమ్మీద పడ్డ రోజు నుంచి నేను మెన్ సుక్రిని, అంటే సుక్రి అమ్మని. ఆయన పాన్ సుక్రి. ఊరంతా ఇంతే. మదే రింతికి మాత్రం నలభై దాటినా పేరు పోలేదు. ముక్కు కారే వెధవ కూడా "మదే రింతత్తా, బంతి మీ దొడ్లో పడింది" అని అరుస్తాడు. వాడి తప్పేముంది, పిలవడానికి ఇంకో పేరుంటేగా! ఎవరు ఎక్కణ్ణుంచి పిలిచినా ఆమె తల వంచుకునే "ఊఁ" అనేది. ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు ఆ వంచడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మా దీవిలో క్లుంగ్‌కుంగ్ పట్నం పక్కన బొమ్మలేసే ఊరు మాది. మగాళ్ళు గీత గీస్తారు, ఆడవాళ్ళు రంగు నింపుతారు, ఆఖర్న మళ్ళీ మగాళ్ళే నల్లగీత దిద్దేసి బొమ్మ మాదేనంటారు. రింతి బావగారు పాన్ సెకెన్ మా ఊళ్ళో గీతకి పెద్ద చెయ్యి. ఆయన గీసినవాటికి కాపురానికొచ్చినప్పటి నుంచీ రంగు రింతిదే. ఆమె పూసిన ఎరుపులో ఎంత వెతికినా మరక కనిపించదు. మొగుడు న్యోమన్ తూసన్‌కి అన్నగారి గీత రాలేదు, ఉలి వచ్చింది. తలుపులు, దూలాలు, పైకప్పులు చేస్తాడు. మాట తక్కువ మనిషి.

వాళ్ళది లేచిపోయిన పెళ్ళి. మా దగ్గర అదేం వింత కాదు. నాలుగు రోజులు మేనమామ ఇంట్లో దాక్కుని వచ్చేస్తే పెద్దవాళ్ళు కాసేపు తిట్టినట్టు నటించి పెళ్ళి చేసేస్తారు. ఏడాది తిరిగేసరికి అత్తగారు రింతి పొట్ట వంక చూడడం మొదలుపెట్టింది. రెండో ఏడు చూడడం మానేసి అడగడం మొదలుపెట్టింది. పొట్ట పిసికే ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు, ఊటల్లో ముంచారు, నోట పెట్టుకోలేని కషాయాలు తాగించారు. బావగారి మూడో పిల్లాణ్ణి పెంచుకుంటామంటే తోడికోడలు "నా కడుపున పుట్టినవాణ్ణి నీ చేతుల్లో పెట్టాలా?" అంది. ఆ మాటకి రింతి వారం రోజులు గడప దాటలేదు.

ఒకరోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ డెన్‌పసార్ బజారుకని చెప్పి వెళ్ళారు. వాళ్ళ పందికి ఆ రోజు కుడితి పోసింది నేనే. బజారుకి వెళ్ళినవాళ్ళు ఒట్టి చేతులతో తిరిగొస్తే ఎవరికి తెలియదు? ఆస్పత్రికి వెళ్ళారని సాయంత్రానికే పాకిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. ఇంకేం, డాక్టరమ్మ కూడా చేతులెత్తేసిందనీ, లోపం పూర్తిగా రింతిదేననీ ఊరు తేల్చేసింది. కుండ మూతికి మూకుడుంటుంది గానీ లోకుల మూతికేది? రింతి అవునూ అనలేదు, కాదూ అనలేదు. తూసన్‌కి మాత్రం ఊళ్ళో గౌరవం పెరిగింది. "గొడ్రాలిని వదలకుండా ఏలుకుంటున్నాడు, మనిషంటే వాడు" అని మా కాఫీ కొట్లోనే ఎన్నిసార్లు విన్నానో! ఆ మాట అన్నప్పుడల్లా అతను నేల చూపులు చూసేవాడు. అణకువ అనుకునేవాళ్ళం.

కిందటేడు పాత మండపం కూలగొట్టి పేట జనమంతా కలిసి కొత్తది కట్టుకున్నాం. పైకప్పుకి లోపలివైపు బొమ్మల పలకలు పెట్టాలన్నారు. నరకం బొమ్మలు. దొంగల్ని కాల్చేది, అబద్ధాలకోరుల నాలుక లాగేది, అన్నీ. వాటిల్లో పిల్లలు కనని ఆడదానిది కూడా ఒకటి ఉంటుంది. చంటిబిడ్డంత గొంగళిపురుగు ఆమె రొమ్ము పట్టుకుని పాలు తాగుతూ ఉంటుంది. మా దేశంలో పుట్టిన ప్రతి ఆడపిల్లా చిన్నప్పుడు ఆ బొమ్మ చూసి జడుసుకున్నదే.

పాన్ సెకెన్ మంచివాడు. పలకలన్నీ మరదలికే రంగుకిచ్చి, ఆ ఒక్కటీ మాత్రం చడీచప్పుడు లేకుండా, రంగులేసే ఇంకొకావిడ మెన్ లానుస్ ఇంటికి పంపాడు. చూడకుండా ఉంటుంది కదా అని. రింతి వరస సరిచూసుకుని "బావా, ఒకటి తక్కువొచ్చిందే?" అని అడిగింది. "అదా... వేరే ఇంట్లో ఇచ్చాలేమ్మా" అని ఆయన రంగు గిన్నెల్లో ఏదో వెతుక్కున్నాడు. అంతే, ఆమెకి అర్థమైపోయింది. తిట్టినా ఓర్చుకునేది గానీ, ఆ జాలికి చచ్చిపోయింది పాపం. మొహమంతా ఎర్రబడి, కుంచె కడగకుండానే లేచి ఇంట్లోకి వెళ్ళిపోయిందని తోడికోడలే చెప్పింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం తూసన్‌కి అన్నం పట్టుకుని మండపానికి వచ్చింది. నేను కాఫీ గ్లాసులు తెచ్చి అక్కడే ఉన్నాను. మగాళ్ళు పని ఆపి కూర్చున్నారు. ఓ పక్క ఆడవాళ్ళం ప్రతిష్ఠకి కొబ్బరాకు బుట్టలు అల్లుతున్నాం. తూసన్ ఒక్కడే పైన పరంజా మీద నిలబడి పలకలు బిగిస్తున్నాడు. రింతి మొగుణ్ణి పిలుద్దామని తల ఎత్తింది. సరిగ్గా మేం ఆడవాళ్ళం కూర్చునే చోటుకి పైన, ఆ పలక ఉంది. బిగించేసి ఉంది. నాలుగు మూలలా కొత్త మేకులు మెరుస్తున్నాయి.

ఆ మేకులు కొట్టింది ఎవరో అడగక్కర్లేదు. ఊళ్ళో వడ్రంగి ఒక్కడే.

అన్నం పొట్లం కింద పెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. పేట పెద్ద పాన్ వీర్త ముందుకెళ్ళి నిలబడి, రంగు మరకల చేతులు కట్టుగుడ్డకి తుడుచుకుంటూనే ఉంది.

"ఏంటమ్మాయ్?" అన్నాడాయన.

"అయ్యా, ఆ బొమ్మొక్కటీ దించెయ్యండి."

మెడ మీదంతా చెమట. మగాళ్ళ మధ్యలో నిలబడి ఆమె మాట్లాడడం మేమెప్పుడూ వినలేదు.

"అదేంటమ్మా, తాతల కాలం నుంచీ ఉన్న బొమ్మేగా!"

మెన్ లానుస్ మొగుడు ఊరుకోడు కదా, వాడి నోటికి అన్నీ పరాచికాలే. "ఉండనియ్యవే రింతీ! మా ఆవిడ పురుగుకి ఎంత ముద్దుగా రంగేసిందో చూడు. దాన్ని చూసన్నా కుర్ర కోడళ్ళు త్వరపడతారు."

మగాళ్ళంతా గొల్లుమన్నారు. మా పక్కన కదెక్ సెని అని, మూడేళ్ళ కిందట కాపురానికొచ్చి ఇంకా పేరు పోని పిల్ల, ఒళ్ళో బుట్ట నలిగిపోయేలా పట్టుకుని ముడుచుకుపోయింది. ఆ పిల్ల మొగుడు పుతు అర్సా కూడా అందరితో కలిసి నవ్వాడు, సన్నాసి. నవ్వకపోతే తనని చూస్తారని వాడి భయం.

రింతి చూసింది ఆ పిల్లనే. "నా పని ఎప్పుడో అయిపోయింది లెండి" అంది. "ఇలాంటివాళ్ళ కోసం అడుగుతున్నా. ప్రతి పండక్కీ దీని కింద కూర్చుని ఈ పిల్ల మీ అందరికీ ప్రసాదాలు కట్టాలి. ఇంట్లో శవం లేస్తే పేటంతా వస్తారు. ఈడొచ్చిన పిల్లలకి పళ్ళు అరగదీసే వేడుకంటే పందిని కొయ్యడానికి పిలవకుండానే వస్తారు. బిడ్డ కోసం ఆస్పత్రికి పోవాలంటే మాత్రం మేం దొంగల్లా పోవాలి. తోడు రానూ రారు, వచ్చాక ఏమైందమ్మా అని మంచిగా అడిగేవాళ్ళూ ఉండరు. సాయం చెయ్యకపోతే పోనీండి, నెత్తిన పురుగుని పెడతారా?" కాస్త ఊపిరి తీసుకుని, ఎవరికీ కాకుండా నేలకి చెప్పినట్టు అంది. "దొంగల బొమ్మలో మగాళ్ళున్నారు, ఆడవాళ్ళున్నారు. దీన్లో ఒక్క ఆడదే ఉంది. బిడ్డ ఒక్కత్తి వల్ల పుడుతుందా?"

పైన సుత్తి చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

పాన్ వీర్త ఇబ్బందిగా గొంతు సవరించుకుని పైకి చూశాడు. "ఒరే తూసన్, నువ్వేమంటావురా? మేకులు కొట్టింది నువ్వేగా. నీకే లేని బాధ నీ పెళ్ళానికెందుకు?"

తూసన్ పరంజా మీద కూలబడ్డాడు. కాళ్ళు కిందకి వేలాడుతున్నాయి.

"మగాణ్ణి గీయించండి" అన్నాడు.

"ఏంటీ?"

"ఆ బొమ్మలో మగాణ్ణి గీయించండి. నన్ను గీయించండి. దానికేం లోపం లేదు. డెన్‌పసార్‌లో డాక్టరమ్మ చెప్పింది, నా దగ్గరే ఏమీ లేదని. ఎవరికీ చెప్పొద్దని దాని కాళ్ళు పట్టుకున్నా. ఇవాళ ఆ పలక కొట్టనంటే ఎందుకని అడుగుతారుగా మీరు? అందుకని కొట్టేశా. నా పెళ్ళాం నెత్తిమీద నేనే కొట్టేశా."

అలవాటు కొద్దీ ఎవడో నవ్వబోయి మింగేసుకున్నాడు. ఇన్నేళ్ళూ మేం ఎవరిని దేవుడన్నాం, ఎవరిని గొడ్రాలన్నాం! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

రింతి సంతోషించిందనుకుంటున్నారా? "ఎవరు చెప్పమన్నారయ్యా నిన్ను?" అంటూ కొంగుగుడ్డతో మొహం కప్పేసుకుంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలీదా? నాకంటే అలవాటైపోయింది. రేపు వీళ్ళ మధ్యలో నువ్వెలా తిరుగుతావు?"

తూసన్ నిచ్చెన దిగాడు. దిగుతుంటే రెండుసార్లు కాలు తప్పింది. స్తంభానికి ఆనుకుని కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. అంత మనిషి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

పాన్ వీర్త చేతిలో గ్లాసు కింద పెట్టాడు. ఆఖరికి "సరే, దించెయ్యండి" అన్నాడు. "ఎవరన్నా ఎక్కండిరా."

ఎవరూ కదల్లేదు. ఒకడు చుట్ట వెతుక్కున్నాడు, ఒకడికి నడుం పట్టేసింది. ఎందుకో నాకు తెలుసు, మీకూ తెలుసు. మెన్ లానుస్ మొగుడే గొణిగాడు పక్కవాడితో. "ఎక్కినవాడికీ అదే జబ్బంటారు రేపు." పుతు అర్సా సగం లేచాడు. అందరూ వాడి వంక చూశారు. మళ్ళీ కూర్చున్నాడు. సెని తల ఇంకా కిందకి వంగింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. "థూ! మీరూ మీ మీసాలూ! ఓ మేకు పీకడానికి కూడా మగతనం కావాలట్రా!" అని అరిచేశాను. మా ఆయన "ఏయ్, ఊరుకో" అన్నాడు. ఆయనా లేవలేదు.

రింతి మొహం మీద గుడ్డ తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరి వంకా చూడలేదు. మొగుడి పక్కన పడున్న సుత్తి తీసి నడుముకి దోపుకుని, నిచ్చెన మీద కాలు పెట్టింది.

మా దగ్గర ఆడదాని కట్టుగుడ్డ మగాడి తలకి పైన ఉండకూడదు. బట్టలు ఆరేసిన తాడు అడ్డమొస్తే మగాళ్ళు దాని కింద నుంచి పోరు, ఊరంతా చుట్టయినా తిరిగి పోతారు. ఆమె రెండో మెట్టు ఎక్కేసరికి మండపంలో ఒకటే హడావిడి. గ్లాసులు పట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ వాకిట్లోకి పరుగెత్తారు. పాన్ వీర్త చెప్పులు కూడా తొడుక్కోలేదు. ఆడవాళ్ళం మాత్రం ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం.

నిచ్చెన వెదురుది. ఆమె బరువుకి ఊగింది. నేను లేచేలోపు తూసన్ లేచాడు. మొహం తుడుచుకోకుండానే వచ్చి రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. సరిగ్గా దాని కిందే నిలబడ్డాడు.

"ఒరే తూసన్! నెత్తిమీద ఆడదిరా! బయటికి రారా!" అని వాకిట్లోంచి అరుపులు.

పైన మొదటి మేకు కిర్రుమంది. అతను గట్టిగా కొట్టాడు కాబోలు, ఊడడానికి చాలాసేపు పట్టింది. చెక్కపొట్టు రాలి అతని జుట్టులో పడింది. ఆమె కట్టుగుడ్డ అంచు అతని నుదుటికి తగులుతోంది.

"నువ్వూ పో బయటికి" అంది రింతి, కిందకి చూడకుండా. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ" అన్నాడు తూసన్.