కోతపండుగ పళ్లెంలో కడియం

మా మేనత్తది జగ్గయ్యపేట. నాన్నకంటే పదేళ్లు పెద్దది. అయినా యాభై దాటిన వయసులో ఆమె నందిగామలో మా ఇంటికి వస్తే, కొత్తవాళ్లు నాన్నకు చెల్లెలనుకునేవారు. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. కుడిచేతికి లావుపాటి వెండి కడియం ఉండేది. ఏదో కరువులో చనిపోయిన కూలిమనిషి చేతినుంచి అత్తయ్య అత్తింటి పూర్వీకులెవరో దాన్ని లాక్కున్నారట. అప్పటినుంచి అది వేసుకున్నవాళ్లకు ముసలితనం రాదు గాని మనసు ఎండిపోతుందని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. అత్తయ్య అత్తగారు డెబ్బై దాటాక కూడా నల్లటి జుట్టుతోనే పోయింది. శవం దగ్గర ఏడ్చినవాళ్లు లేరు.

పెళ్లికి ముందు అత్తయ్య పక్కింటి పిల్లలకు కూడా జోలపాడేదని నాన్న అనేవాడు. నాకు తెలిసిన అత్తయ్య మాత్రం, నేను మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తుంటే, "గచ్చు మీద నెత్తురు పడనీయమాక" అంది.

ఆ కడియానికి చీల ఉంది. తీయడం కష్టం కాదు. తీయాలనిపించకపోవడమే దాని శాపమని నేను నమ్ముతాను.

ఒక ఏడు అత్తయ్య మా చర్చి సంఘంలో కోతపండుగకు వచ్చింది. ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాడిని చూసి తలుపేసుకునే మనిషి గురించి అయ్యగారు ఆ రోజు వాక్యం చెప్పారు. కానుకల వేళ అత్తయ్య లేచింది. చీల లాగి, కడియం పళ్లెంలో పెట్టి, వెనక్కి వచ్చి కొంగుతో మొహం కప్పుకుంది.

పళ్లెంలో పడింది ఏదైనా ప్రభువుకిచ్చిన పంట కిందే లెక్క; ఆరాధన అయ్యాక దాన్ని వేలం వేయాల్సిందే. అది మా పద్ధతి. గుమ్మడికాయలు, మిరపకాయల బుట్ట, కోడిపుంజు అయ్యాక కడియం పైకెత్తారు. దాని కథ సంఘంలో అందరూ విన్నదే అయినా, పక్కన పెట్టాలని ఎవరికీ తోచలేదు.

"వెండి వస్తువయ్యా! ఇందాక కోడికి కొట్టుకుచచ్చారు, ఇప్పుడు నోళ్లు పడిపోయినయ్యా?" అన్నాడు వేలం వేసే పెద్దమనిషి.

"కోడైతే మధ్యాన్నానికి కూరవుద్దండి. అదేమో మెడకి చుట్టుకుంటది!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

నాన్న బడిపంతులు, సంఘపెద్ద కూడా. దేవుడికిచ్చిన కానుకను అడిగేవాడు లేకపోతే సంఘానికి చిన్నతనమనిపించి, లేచి తనే వేలంపాట పాడాడు.

"ఒరే తమ్ముడూ, నువ్వు పాడమాకరా!" అంది అత్తయ్య.

"వెండికి శక్తేంటక్కా? మనం నమ్మేది దేవుణ్ణి గదా."

ఆ మాటలో విశ్వాసమెంత, పదిమందిలో పెద్దరికమెంత అని నాన్న తరువాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఇంటికొచ్చి, బోసిగా ఉన్న అమ్మ చేతికి ఆ కడియం తొడిగాడు.

అమ్మకు అప్పటికి ముప్పై నాలుగేళ్లు. కణతల దగ్గర నెరిసింది. ఏడాది తిరిగేసరికి ఆ నెరుపు పోయింది. "ఏం రాస్తున్నారండీ తలకి?" అని ఇరుగుపొరుగు అడిగితే అమ్మ మురిసిపోయేది. పక్కనే ఉన్న గుడ్డి ముసలమ్మకు రోజూ వెళ్లే కూరగిన్నె మాత్రం వెళ్లడం మానేసింది. ప్రార్థనలో అమ్మ పెదవులు కదిలేవి, కళ్లు మాత్రం తడిసేవి కావు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేయలేదు. రోజూ మోకాళ్లూని, మా అమ్మను మాకిమ్మని దేవుణ్ణి అడిగాను.

రెండో ఏడు ఎండాకాలంలో అత్తయ్య వచ్చింది. ఆమె జుట్టు తెల్లబడింది, నడుం కాస్త వంగింది. నా కోసం జంతికలు కట్టి తెచ్చింది. అమ్మ ఆమెను కూర్చోమనలేదు.

"మూడింటికి బస్సుంది గదా వదినా. దానికెళ్తే చీకటిపడకుండా చేరతావు."

అత్తయ్య చెంబు తీసుకుని, తనే నీళ్లు ముంచుకు తాగి వెళ్లిపోయింది. నాన్న చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అది తీసెయ్. తప్పు నాది" అన్నాడు.

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "తీస్తే ముసలిదాన్నయిపోతానండీ. అప్పుడు నా మొహం చూస్తారా మీరు?"

"చూస్తా."

"ఎవరన్నా నవ్వితే?"

"నవ్వనీ. నేను చూస్తా."

నాన్న లాగలేదు, బతిమాలలేదు, వాక్యం చెప్పలేదు. అమ్మ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఎంతసేపటికో అమ్మ తనే చీల లాగింది. మర్నాడు నాన్న ఆ కడియాన్ని మున్నేటి మడుగులో పడేశాడు.

ఆ ఆదివారం అమ్మ నన్ను తీసుకుని జగ్గయ్యపేట బస్సెక్కింది. అత్తయ్య తలుపు తీయగానే, "ఆకలేస్తంది వదినా, ఏవన్నా పెట్టు" అంది అమ్మ. అత్తయ్య ఎసట్లో ఇంకో రెండు గుప్పెళ్ల బియ్యం పోసింది. అన్నం ఉడికేలోగా ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తూనే ఉన్నారు.