వేడెక్కని కాటా

నా చిన్నప్పుడు మా నాన్నను దొంగ అన్నారు. ప్రొద్దుటూరులో నగల షాపు నడిపే ఒకాయన పదిమంది ముందు ఆ మాట అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్న ఆ షాపుకు నగలు చేసి ఇచ్చేవాడు. పొద్దున షాపు తీయగానే కరెంటు కాటాలో తూచి బంగారం ఇచ్చేవాళ్లు. సాయంత్రం చేసిన నగను అదే కాటాలో తూచి తీసుకునేవాళ్లు. ఆ చలికాలం ఎందుకో సాయంత్రం తూకం రోజూ తగ్గేది. తరుగు తీసేసినా లెక్క కుదిరేది కాదు. మధ్యాహ్నం వచ్చి చూసిన మెకానిక్ కాటాలో ఏ లోపమూ లేదని తేల్చాడు. ఇంకేముంది, తప్పు మా నాన్నదే అయింది. మర్నాడు స్టేషన్‌కు పోదామన్నాడు షాపాయన. ఆ మాట బజారులో పాకితే మరే షాపూ మాకు పని ఇవ్వదు. ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు, అమ్మ ఏడుపు ఆపలేదు.

పక్కింటి అక్కకు మేమంటే గిట్టదు. మా మురుగునీళ్లు వాళ్ల వాకిట్లోకి పోతున్నాయని మాటలు మానేసి ఏళ్లయింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది, నోరు మహా దురుసు. అమ్మ ఏడుస్తూ చెప్పుకున్నదంతా గోడ అవతలికి వినిపించినట్టుంది. తెల్లారేసరికి మా వాకిట్లో నిలబడి ఉంది.

"మీ మీద ప్రేమతో రాలేదు. మిషన్‌ను పొద్దున పూట చూడకుండా మనిషిని దొంగంటే నాకు కాలుతాది. పదండి" అంది.

నాన్న వెంట నేనూ వెళ్లాను. షాపాయన కాటా ఆన్ చేయగానే అక్క తన ఉంగరం తీసి అందులో పెట్టి, అంకె గట్టిగా చదవమంది. తర్వాత కాటా అద్దం తలుపు మూసేసి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "యాపారం చేసుకోనీయవా?" అని ఆయన గదమాయించాడు. ఆమె కదలలేదు. కాటా వేడెక్కే కొద్దీ అంకె మెల్లగా దిగుతూ వచ్చింది.

"నా ఉంగరంలో బంగారం యాడికి పోయిందన్నా? అదీ ఈయప్పే మింగినాడా?" అంది అక్క. షాపాయన మొహం మాడిపోయింది.

కాటాకు కరెంటు ఇచ్చే అడాప్టర్‌ను ఊడదీసి విప్పింది. లోపల కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. చల్లగా ఉన్నంతసేపు అది సరిగ్గా పనిచేయదనీ, అప్పుడు కాటా ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుందనీ, వేడెక్కాక కాస్త కోలుకుంటుందనీ, అందుకే మధ్యాహ్నం వచ్చినవాడికి ఏమీ కనపడలేదనీ చెప్పింది. కొత్తది తెప్పించి అతికించింది. అంతా చల్లారాక మళ్లీ ఆన్ చేస్తే ఉంగరం తూకం ఇక కదలలేదు.

"మిషన్లన్నాక చెడిపోతాంటాయి లేప్పా" అన్నాడు షాపాయన. స్టేషన్ మాట మళ్లీ ఎత్తలేదు, తప్పయిందనీ అనలేదు. నాన్న ఆ షాపు మెట్లు మళ్లీ ఎక్కలేదు.

బయటికొచ్చాక నాన్న చేతులు జోడించాడు. "చేతులు దించప్పా. ముందు ఆ మురుగునీళ్ల సంగతి చూడు" అని అక్క విసవిసా వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మళ్లీ మాటల్లేవు.

మన పక్షాన నిలబడేవాళ్లకు మన మీద ప్రేమ ఉండాలనేమీ లేదని నాకు ఆరోజే తెలిసింది. నాకూ గిట్టనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరి మీదనైనా రుజువు లేని నింద పడితే, మొహం ముడుచుకునే వాళ్ల తరఫున లేచి వెళ్తాను. పని అయ్యాక, పలకరించకుండానే ఇంటికి వచ్చేస్తాను.